బండి పికప్ పెంచాలంటే: రీమ్యాపా, ట్యూనింగ్ బాక్సా, స్టాండలోన్ ఈసీయూనా?

పికప్ చాలడం లేదు, ఇంకాస్త లాగితే బాగుండు అనుకునే కారు యజమాని ముందు ఇవాళ నాలుగు సరుకులు అమ్మకానికి ఉన్నాయి. యాక్సిలరేటర్ పెడల్ వైరుకు తగిలించే పెడల్ బాక్స్, ఇంజిన్ సెన్సర్‌కీ ఈసీయూకీ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కీ) మధ్య దూర్చే ట్యూనింగ్ బాక్స్, కంపెనీ ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌ను తిరగరాసే రీమ్యాప్, ఈసీయూనే తీసేసి వేరేది పెట్టే స్టాండలోన్. నాలుగింటి ప్రకటనలూ ఒకేలా ఉంటాయి: ఇన్ని పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) పెరుగుతుంది, మైలేజ్ కూడా పెరుగుతుంది. లోపల జరిగేది మాత్రం నాలుగు రకాలు. ఆ తేడా చూడకుండా ధర చూసి కొంటే డబ్బు పోవడం చిన్న నష్టం, టర్బోనో క్లచ్చో పోవడం పెద్ద నష్టం.

ఎంచుకోవడానికి ఒక్క గీటురాయి చాలు. ఈసీయూ పని లెక్క వేయడం. మీరు కొంటున్నది ఆ లెక్కను మారుస్తోందా, లెక్కకు అందే అంకెను తప్పుగా చూపిస్తోందా? లెక్కను మారిస్తే ఇంజిన్‌లో ఏం జరుగుతోందో ఈసీయూకి తెలుస్తూనే ఉంటుంది. అంకెను మారిస్తే తెలియదు. కింద చెప్పే లాభనష్టాలు దాదాపు అన్నీ ఇక్కడే పుడతాయి.

ఈసీయూ వేసే లెక్క

లెక్క క్రాంక్ సెన్సర్ దగ్గర మొదలవుతుంది. చాలా కార్లలో క్రాంక్‌తో తిరిగే పళ్లచక్రం మీద 60 పళ్లకు చోటుంటుంది, అందులో రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఒక్కో పన్ను 6 డిగ్రీలు. ఖాళీ వచ్చిన చోటును బట్టి పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ పట్టుకుంటుంది. 3000 ఆర్‌పీఎంలో క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి సుమారు 56 మైక్రోసెకన్లు పడుతుంది. స్పార్క్ అయినా డీజిల్ ఇంజెక్షన్ అయినా ఆ కొలతలోనే పడాలి.

పెట్రోల్ ఇంజిన్‌లో ఈసీయూ మొదట గాలిని తూస్తుంది. మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లోని గాలి పీడనం కొలిచేది) లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఇచ్చే అంకె నుంచి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్లిందో తేల్చి, శుద్ధ పెట్రోల్ అయితే ప్రతి 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము చొప్పున ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. అది చెప్పినదాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్‌ను ఎప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. స్పార్క్ టైమింగ్‌కు వేరే పట్టిక ఉంటుంది. నాక్ సెన్సర్ ఇంజిన్ కొట్టుకోవడం విన్న వెంటనే ఈసీయూ టైమింగ్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి లాగి, తర్వాత నెమ్మదిగా తిరిగి ఇస్తుంది.

డీజిల్‌లో కథ వేరు. మీ కాలు పెడల్ మీద ఎంత నొక్కిందో దాన్ని ఈసీయూ ముందుగా టార్క్ (తిప్పే బలం) కోరికగా మారుస్తుంది. ఆ టార్క్‌కు ఒక్కో స్ట్రోక్‌కు ఎన్ని మిల్లీగ్రాముల డీజిల్ కావాలో చూస్తుంది. ఆ మొత్తాన్ని రెండు కాపలాలు దాటించాలి. ఒకటి స్మోక్ లిమిటర్: ఉన్న గాలికి ఇంత డీజిలే కాలుతుంది, మించితే పొగ. రెండోది టార్క్ లిమిటర్: క్లచ్, గేర్‌బాక్స్ తట్టుకునేది ఇంతే. రెండూ దాటాకే రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) పీడనాన్ని బట్టి ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం ఖాయమవుతుంది. ఈ కాపలాలు గుర్తుంచుకోండి. ట్యూనింగ్ బాక్స్‌కీ రీమ్యాప్‌కీ అసలు తేడా వీటి దగ్గరే ఉంది.

మన వాతావరణం కూడా ఈ లెక్కలో భాగమే. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల గాలి లోపలికి వెళితే, 25 డిగ్రీల గాలితో పోలిస్తే అదే పరిమాణంలో ఆక్సిజన్ సుమారు 6 శాతం తక్కువ. అరకు ఘాట్ ఎక్కి 900 మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి పీడనం దాదాపు పదో వంతు పడిపోతుంది. కంపెనీ ఈసీయూ ఇవన్నీ చూసుకుని స్పార్క్‌నీ డీజిల్‌నీ టర్బోనీ సర్దుతుంది. డబ్బు పెట్టి కొన్న మార్పు ఈ సర్దుబాటును చెడగొట్టకూడదు.

ముందు స్కానర్ పెట్టండి

పికప్ లేదని వచ్చే బండ్లలో చాలావాటికి రీమ్యాప్ అక్కర్లేదు, మరమ్మతు కావాలి. ఈసీయూకి తప్పుడు అంకెలు అందుతుంటే అది తక్కువే ఇస్తుంది. ఒక మామూలు ఓబీడీ అడాప్టర్ (బండి పోర్టుకు తగిలించి ఈసీయూ అంకెలు చదివేది), ఫోన్‌లో ఒక యాప్ ఉంటే కింది నాలుగు మీరే చూసుకోవచ్చు.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ చూడండి. అది బయటి గాలి పీడనం చూపించాలి: విశాఖలో 100–101 కిలోపాస్కల్, 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. హైదరాబాద్‌లో నిలబెట్టిన బండి 88 చూపిస్తే సెన్సర్‌దో వైరింగ్‌దో తప్పు. ఆ ఒక్క తప్పుతోనే ఇంజిన్ మందగిస్తుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక కూలెంట్ ఉష్ణోగ్రత 85–95 మధ్య ఉండాలి. హైవే మీద 70 దగ్గరే ఆగిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని నమ్మి ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజ్ పడిపోతుంది.

పెట్రోల్ బండి అయితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం. 10 దాటితే వెతకాలి: ప్లస్ వైపు అయితే ఇన్‌టేక్ హోస్ చీలిక, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్, బలహీనపడిన ఫ్యూయల్ పంపు. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఈ20 పెట్రోల్‌కు (20 శాతం ఇథనాల్ కలిపినది) సరైన గాలి–పెట్రోల్ నిష్పత్తి సుమారు 13.5, ఈ10కు 14.1. ఈ10 కోసం తయారైన బండిలో ఈ20 పోస్తే ట్రిమ్ 4–5 శాతం ప్లస్‌లోకి జరగడం సహజం, అది లోపం కాదు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి శుద్ధ పెట్రోల్‌తో పోలిస్తే ఈ20 లీటరుకు 6–7 శాతం శక్తి తక్కువ ఇస్తుంది. ఏ రీమ్యాప్ కూడా దాన్ని పూర్తిగా తిరిగి తేలేదు.

డీజిల్ బండిలో రైల్ పీడనం కోరినది ఎంత, వచ్చినది ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. ఐడిల్‌లో సాధారణంగా 250–350 బార్ ఉంటుంది. మూడో గేర్‌లో పూర్తిగా నొక్కినప్పుడు రెండు గీతలూ కలిసి నడవాలి. వచ్చినది వెనకబడుతుంటే డీజిల్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్ రిటర్న్ లీకేజీ, ఆఖరున పంపు చూడాలి. బూస్ట్‌కూ (టర్బో తోసే గాలి పీడనం) ఇదే పరీక్ష. ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పు దగ్గర నూనె తడి కనిపిస్తే గాలి అక్కడే పోతోంది.

బ్యాటరీ, ఎర్త్ కూడా వదలకండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8–14.5 వోల్టులు రావాలి. లైట్లు, ఏసీ వేసి బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి. అంతకు మించితే ఎర్త్ కేబుల్ తుప్పుపట్టింది, దాంతో సెన్సర్ అంకెలన్నీ కొంచెం కొంచెం అబద్ధమవుతాయి. ఈసీయూ పోయిందని వేలకు వేలు చెప్పే ముందు మెకానిక్ చూడాల్సిన మొదటి చోటు ఇదే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఇంకా కావాలనిపిస్తేనే కింది వాటి గురించి ఆలోచించండి.

పెడల్ బాక్స్, చవక చిప్‌లు

పెడల్ బాక్స్ శక్తిని పెంచదు. పెడల్‌లోని రెండు సెన్సర్ల వోల్టేజీని పెంచి, మీరు 30 శాతం నొక్కితే 50 నొక్కారని ఈసీయూకి చెబుతుంది. పూర్తిగా నొక్కినప్పుడు బండి ముందెంత లాగిందో ఇప్పుడూ అంతే లాగుతుంది. కంపెనీ పెడల్ మరీ మందంగా అనిపించే బండికి ఇది హాయిగా ఉండొచ్చు, తీసేయడం సులువు, ఇంజిన్‌కు హాని లేదు. ఆ హాయికి అంత డబ్బు పెట్టడం మాకు సబబుగా తోచదు. స్పోర్ట్ మోడ్ ఉన్న బండికి అసలే అక్కర్లేదు.

రేసింగ్ చిప్ పేరుతో అమ్మే చిన్న పెట్టెలు వేరు, వాటికి దూరంగా ఉండండి. వాటిలో చాలావాటి లోపల ఉండేది ఒక రెసిస్టర్. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, వేడెక్కేకొద్దీ ఓమ్‌లు తగ్గుతాయి. దాని బదులు స్థిరమైన రెసిస్టర్ పెడితే గాలి ఎప్పుడూ చల్లగా ఉందని ఈసీయూ నమ్మి పెట్రోల్ కాస్త పెంచుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ పెంపును కాసేపట్లోనే ట్రిమ్ ద్వారా కొట్టేస్తుంది, కాబట్టి లాభం సున్నా. నష్టం మాత్రం నిలిచే ఉంటుంది: వేడి గాలికి స్పార్క్‌ను వెనక్కి లాగే రక్షణ పనిచేయదు. మన ఎండల్లో నాకింగ్‌ను పిలిచి తెచ్చుకోవడమే అది.

ట్యూనింగ్ బాక్స్

డీజిల్ బండ్లకు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. అమర్చడం పావుగంట పని: రైల్ పీడన సెన్సర్ కనెక్టర్ తీసి, బాక్స్ వైరును మధ్యలో పెట్టి తిరిగి బిగిస్తారు. కొన్నింటిలో బూస్ట్ సెన్సర్‌కూ ఒక వైరు ఉంటుంది. పని చేసే తీరు కాటా మీద వేలు పెట్టి తూకం వేసినట్టు.

అంకెల్లో చూద్దాం. రైల్ సెన్సర్ 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య 0 నుంచి 1800 బార్ చూపిస్తుందనుకోండి, అప్పుడు ఒక వోల్టుకు 450 బార్. బాక్స్ 0.2 వోల్టులు తగ్గించి చూపితే ఈసీయూకి 90 బార్ తక్కువ కనిపిస్తుంది. అది పంపును పెంచుతుంది. 1000 బార్ ఉండాల్సిన చోట నిజానికి 1090 ఉంటుంది. ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం మాత్రం 1000 బార్‌కు వేసిన లెక్క ప్రకారమే ఉంటుంది, కాబట్టి డీజిల్ ఎక్కువ పడుతుంది. ఎంత ఎక్కువ? రంధ్రంలోంచి పారే ద్రవం పీడనం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పీడనం 9 శాతం పెరిగితే డీజిల్ పెరిగేది సుమారు 4.4 శాతం. 20 శాతం ఎక్కువ డీజిల్ కావాలంటే పీడనం 44 శాతం పెరగాలి: 1000 ఉండాల్సిన చోట 1440. పీడనం ఒక్కటే మార్చే బాక్స్ మీద ఇరవై శాతం పెరుగుదల అని రాసి ఉంటే దాని వెనక ఉన్న భారం ఇది. ఆ భారం పడేది హై ప్రెషర్ పంపు మీద, ఇంజెక్టర్ల మీద. డీజిల్ బండిలో ఖరీదైన సామాను అవే.

ఇక కాపలాల సంగతి. స్ట్రోక్‌కు 40 మిల్లీగ్రాములు పోశానని ఈసీయూ అనుకుంటుంది, నిజానికి 42 పడుతుంది. స్మోక్ లిమిటర్ 40 దగ్గర ఆపాను కదా అని నిశ్చింతగా ఉంటుంది. పొగ వస్తుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 బండిలో మసి త్వరగా నిండి రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) తరచుగా జరుగుతుంది, ఆ మాటున ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే ఇంకో చిక్కు. ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందో ఈసీయూ క్యాన్ వైర్ల (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద గేర్‌బాక్స్‌కు చెబుతుంది, గేర్‌బాక్స్ దాన్ని బట్టి క్లచ్‌లను బిగించే పీడనం నిర్ణయిస్తుంది. ఈసీయూకే తెలియని టార్క్ గురించి అది గేర్‌బాక్స్‌కు చెప్పలేదు. క్లచ్ కొద్దికొద్దిగా జారుతూ అరుగుతుంది. ఆటోమేటిక్ బండికి ట్యూనింగ్ బాక్స్ వద్దు అని మేము గట్టిగా చెప్పేది అందుకే.

లింప్ మోడ్ (లోపం కనిపించి ఈసీయూ శక్తి తగ్గించేయడం) ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఘాట్ రోడ్డు మీదో ఓవర్‌టేక్ చేసేటప్పుడో వస్తాయి, దానికీ కారణముంది. పూర్తి లోడ్‌లో పంపు ఇప్పటికే దాని హద్దులో ఉంటుంది. ఈసీయూ 1600 బార్ అడుగుతుంది, నిజంగా 1600 వస్తుంది, బాక్స్ 1510 అని చూపిస్తుంది. ఈసీయూ ఇంకా కావాలంటుంది, పంపు దగ్గర ఇంక లేదు. పీ0087 (రైల్ పీడనం తక్కువ) కోడ్ పడి బండి శక్తి కోసేసుకుంటుంది. బాక్స్ సెట్టింగ్ ఒక మెట్టు తగ్గిస్తే చాలాసార్లు ఆగుతుంది, అయితే మీరు డబ్బిచ్చి కొన్న పెరుగుదలా దాంతో పోతుంది.

మైలేజ్ పెరిగిందని బాక్స్ పెట్టించుకున్నవాళ్లు చెప్పడం తరచుగా వింటాం. మీటర్‌లో నిజంగానే పెరుగుతుంది. మీటర్ చూపేది ఈసీయూ పోశాననుకున్న డీజిల్ లెక్క, నిజంగా పడింది దానికన్నా ఎక్కువ. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించి, కిలోమీటర్లను లీటర్లతో భాగించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బాక్స్‌కు ఒక నిజమైన సుగుణం ఉంది: తీసేస్తే బండి మునుపటిలా ఉంటుంది, ఈసీయూ సాఫ్ట్‌వేర్ తాకరు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న పాత డీజిల్, ఏ ట్యూనర్ దగ్గరా దాని ఈసీయూకి సరైన ఫైలు లేదు, మీకు తక్కువ సెట్టింగ్ చాలు అంటే బాక్స్ ఒప్పుకోదగ్గదే. నీళ్లు దూరని కనెక్టర్లు, కంపెనీ సాకెట్‌కు సరిగ్గా సరిపోయే ప్లగ్‌లు ఉన్నదే తీసుకోండి. వైరు కోసి టేపు చుట్టే బాక్స్ అయితే వానాకాలంలో సెన్సర్ సిగ్నల్ ఊగిసలాడి రోడ్డు మధ్యలో బండి ఆగుతుంది.

రీమ్యాప్

ఇక్కడ లెక్కే మారుతుంది. బాగా రాసిన ఫైలులో టార్క్ కోరిక, స్మోక్ లిమిటర్, టార్క్ లిమిటర్, రైల్ పీడనం, బూస్ట్ అన్నీ ఒకదానికొకటి పొసిగేలా పెరుగుతాయి. ఎంత డీజిల్ పోస్తోందో ఈసీయూకి సరిగ్గా తెలుసు, గేర్‌బాక్స్‌కూ సరిగ్గానే చెబుతుంది. వేడెక్కితే తగ్గించడం, ఎత్తుకు పోతే బూస్ట్ తగ్గించడం లాంటి రక్షణలు అలాగే ఉంటాయి. టర్బో ఉన్న బండిలో శక్తి పెంచాలని నిర్ణయించుకుంటే మా మొదటి ఎంపిక రీమ్యాపే. షరతు ఒక్కటే: ఫైలు ఎవరు రాశారన్నది.

ఏ ఇంజిన్‌కు ఎంత అన్నది ముందే తెలుసుకోవాలి. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు రీమ్యాప్ దండగ. గాలి పెరగనప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంత మార్చినా వచ్చేది 5 శాతం అటూ ఇటూ. 83 పీఎస్ ఉన్న 1.2 లీటర్ స్విఫ్ట్‌లో అది 4 పీఎస్, కూర్చున్న మనిషికి తెలియను కూడా తెలియదు. టర్బో డీజిల్‌లో, టర్బో పెట్రోల్‌లో 15–25 శాతం మామూలుగా వస్తుంది.

మన రోడ్ల మీద లక్షల్లో తిరిగిన 1.3 మల్టీజెట్ డీజిల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1248 సీసీ, స్విఫ్ట్‌లో 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. అదే ఇంజిన్ ఎర్టిగాలో, సియాజ్‌లో 90 పీఎస్ ఇచ్చింది కదా, మాదీ సాఫ్ట్‌వేర్‌తో 90కి తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. తేడా సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే లేదు. 90 పీఎస్ రకానికి వేరియబుల్ జామెట్రీ టర్బో (లోపలి రెక్కల కోణం మారేది) ఉంది, 75 రకానికి చిన్న ఫిక్స్‌డ్ టర్బో. ఆ చిన్న టర్బో చేత 3500 ఆర్‌పీఎం పైన కూడా ఎక్కువ గాలి తోయించాలని చూస్తే అది దాని వేగం హద్దు దాటి తిరుగుతుంది, బేరింగ్ అరిగి ఆయిల్ తాగడం మొదలెడుతుంది. ఎండాకాలంలో, ఘాట్ మీద ఇంకా త్వరగా, ఎందుకంటే పలచని గాలిని అంతే బూస్ట్‌కు తేవాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ఈ బండికి తెలివైన ఫైలు అంటే 1800–3000 మధ్య టార్క్‌ను 220 దగ్గరికి తెచ్చి, పైన మెల్లగా తగ్గించేది. ఊళ్లో రెండో గేర్‌లో, హైవే మీద నాలుగో గేర్‌లో మీకు కావాల్సిన ఆ లాగుడు అక్కడే ఉంది. 90 పీఎస్ అంకె కోసం పట్టుబట్టే ట్యూనర్ కంటే ఈ మాట చెప్పే ట్యూనర్ మేలు.

రెండో ఉదాహరణ టర్బో పెట్రోల్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 టీఎస్‌ఐ ఇంజిన్ కంపెనీ నుంచే 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దానితో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీక్యూ200కి కంపెనీ చెప్పిన హద్దు కూడా 250. అంటే ఆ గేర్‌బాక్స్‌కు మిగులు లేదు. అదే ఇంజిన్ మాన్యువల్‌తో ఉంటే ఆలోచించొచ్చు, డీఎస్‌జీ ఉంటే వదిలేయండి. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఇంజిన్లన్నింటికీ ఇంకో ప్రమాదం ఉంది: 1500–2000 ఆర్‌పీఎం మధ్య టార్క్ మరీ పెంచితే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఇది నాక్ సెన్సర్ సర్దగలిగే మామూలు నాకింగ్ కాదు, ఒక్క దెబ్బకు పిస్టన్ రింగు గట్లు పగలొచ్చు. ఫైలులో 2000 లోపు టార్క్‌ను దాదాపు కంపెనీ స్థాయిలోనే ఉంచమని అడగండి, ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఆయిల్ వాడండి.

క్లచ్ పరీక్ష రీమ్యాప్‌కు ముందే చేయాలి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 1800 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా నొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఎగబాకితే క్లచ్ ప్లేట్ ఇప్పటికే చివరి దశలో ఉంది. రీమ్యాప్ చేసిన వారానికి అది పూర్తిగా జారుతుంది, నెపం రీమ్యాప్ మీదకు పోతుంది.

ట్యూనర్‌ను అడగాల్సినవి ఇవి. నా ఈసీయూలోని అసలు ఫైలు చదివి నాకు ఒక కాపీ ఇస్తారా? ఇవ్వనంటే అక్కడే ఆగండి. ఎందుకంటే కొందరు బండిలోని ఫైలు చదవకుండానే అదే మోడల్‌కు దాచుకున్న ఫైలు ఎక్కించేస్తారు. సాఫ్ట్‌వేర్ నంబర్ ఒక్క అక్షరం తేడా ఉన్నా లోపలి పట్టికల స్థానాలు మారిపోవచ్చు, బండి స్టార్ట్ కాకపోవచ్చు. ఓబీడీ పోర్టు ద్వారా రాస్తారా, ఈసీయూ విప్పి బెంచ్ మీద రాస్తారా? కొత్త బీఎస్6 బండ్లలో సాఫ్ట్‌వేర్‌కు గట్టి తాళాలు ఉండటం వల్ల చాలావాటికి ఈసీయూ తీయాల్సి వస్తుంది, సీల్ విప్పిన గుర్తు మిగులుతుంది. రాసేటప్పుడు బ్యాటరీకి స్థిరంగా 13 వోల్టులకు పైన ఇచ్చే సపోర్టు చార్జర్ పెడతారా? రాత మధ్యలో వోల్టేజీ పడితే ఈసీయూ సగం రాసిన స్థితిలో చచ్చిపడుతుంది, మళ్లీ బతికించాలంటే బెంచ్ మీదే సాధ్యం. చెక్‌సమ్ (ఫైలు చెడలేదని ఈసీయూ సరిచూసుకునే అంకె) సరిచేస్తారా అని కూడా అడగండి. అది తప్పితే ఈసీయూ కొత్త ఫైలును ఒప్పుకోదు.

డైనో (బండి శక్తి కొలిచే యంత్రం) కాగితం చూపిస్తే మురిసిపోకండి. ముందు, తర్వాత రెండు పరుగులూ ఒకే రోజు, ఒకే గేర్‌లో, దగ్గర దగ్గర ఇన్‌టేక్ ఉష్ణోగ్రతలో తీసినవేనా అని చూడండి. పొద్దున్న చల్లగా ఒకటి, మధ్యాహ్నం ఒకటి అయితే ఆ తేడాలో కొంత వాతావరణానిదే.

ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మూసేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం, చెక్ లైట్ రాకుండా కోడ్‌లు ఆపేస్తాం అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. డీపీఎఫ్ పట్టే మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోడ్‌లు ఆపేస్తే రేపు నిజమైన లోపం వచ్చినా ఏ మెకానిక్‌కీ కనిపించదు.

చట్టం, వారంటీ సంగతి. ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది, కాబట్టి పాత ఫైలు తిరిగి ఎక్కించి షోరూమ్‌కు వెళ్లినా రాసిన గుర్తు దొరుకుతుంది. వారంటీ మిగిలి ఉన్న బండికి రీమ్యాప్ వద్దు. షోరూమ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ ఫైలు చెరిగిపోతుందన్నది కూడా గుర్తుంచుకోండి. బీమా కంపెనీకి చెప్పకుండా దాచడం క్లెయిమ్ రోజున ఎదురు తిరుగుతుంది.

స్టాండలోన్

రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఇది కాదు. కొత్త కార్లలో మీటర్లు, ఏసీ, ఏబీఎస్, ఇమ్మొబిలైజర్ అన్నీ క్యాన్ మీద ఈసీయూతో మాట్లాడుకుంటాయి. ఈసీయూ పీకేస్తే సగం బండి మూగబోతుంది. ట్రాక్‌కో ర్యాలీకో కట్టిన పాత పెట్రోల్ బండి, ఎస్టీమ్, జిప్సీ లాంటివి, కాంషాఫ్ట్‌లూ థ్రాటిల్ బాడీలూ మారిన ఇంజిన్, కంపెనీ ఈసీయూ పనికిరాని స్వాప్ (వేరే ఇంజిన్ పెట్టడం) ఉంటే మాత్రం వేరే దారి లేదు. తక్కువ ఖర్చులో స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్ ఉన్నాయి. హాల్‌టెక్, లింక్, మోటెక్ లాంటివి ఖరీదైనవి, ఇంజిన్ రక్షణ, డేటా లాగింగ్ వాటిలో మెరుగు.

పెట్టె ఖరీదు చూసి బడ్జెట్ వేసుకోకండి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, కొత్త వైరింగ్, ట్యూనింగ్ గంటలు కలిపితే పెట్టె కంటే ఎక్కువే అవుతుంది. మొదట తేల్చాల్సింది క్రాంక్ సిగ్నల్: సెన్సర్ వైర్లు తారుమారైతే ఖాళీ పన్ను తప్పు చోట కనిపించి, టైమింగ్ ఆర్‌పీఎంతో పాటు జరుగుతూ పోతుంది. టైమింగ్ లైట్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో 10 డిగ్రీలకు బిగించి, పుల్లీ మీద కూడా 10 కనిపిస్తేనే ముందుకు వెళ్లాలి. ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం 14 వోల్టుల దగ్గర సుమారు ఒక మిల్లీసెకను, వోల్టేజీ పడితే పెరుగుతుంది. ఈ పట్టిక వేయకపోతే హెడ్‌లైట్ వేసినప్పుడల్లా ఐడిల్ ఊగుతుంది. పూర్తి శక్తి పట్టిక ఒక రోజులో వస్తుంది. తెల్లవారుజామున చల్లగా స్టార్ట్ అవ్వడం, ఏసీ వేస్తే ఐడిల్ నిలబడటం సర్దడానికి వారాలు పడుతుంది.

ఏ బండికి ఏది

వారంటీలో ఉన్న ఏ బండికైనా, టర్బో లేని పెట్రోల్‌కైనా, లక్షన్నర కిలోమీటర్లు దాటి ఇంజెక్టర్లు ఒక్కసారి కూడా పరీక్షించని డీజిల్‌కైనా: ఏదీ కొనకండి, ఆ డబ్బు సెన్సర్లకూ ఫిల్టర్లకూ క్లచ్‌కూ పెట్టండి. వారంటీ అయిపోయిన మాన్యువల్ టర్బో డీజిల్, స్కానర్ అంకెలన్నీ సరిగ్గా ఉన్నవి అయితే మిడ్‌రేంజ్‌కు (మధ్య ఆర్‌పీఎంలకు) తూచి రాసిన రీమ్యాప్. అదే బండికి మంచి ఫైలు దొరకకపోతే తక్కువ సెట్టింగ్‌లో ట్యూనింగ్ బాక్స్. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ హద్దు కనుక్కుని, దానికి లోబడి రీమ్యాప్ మాత్రమే.

రీమ్యాప్ అయ్యాక బండి తీసుకునే ముందు ట్యూనర్‌తో కలిసి ఒక లాగ్ తీయించండి: మూడో గేర్, 1500 నుంచి 4000 ఆర్‌పీఎం వరకు పూర్తి పెడల్. డీజిల్‌లో రైల్ పీడనం కోరినదానికీ వచ్చినదానికీ తేడా 50 బార్ లోపే ఉండాలి, బూస్ట్ కోరినదాన్ని దాటి ఎగిరి పడకూడదు. పెట్రోల్‌లో ఏ సిలిండర్‌లోనైనా నాక్ వల్ల టైమింగ్ 3–4 డిగ్రీల కంటే ఎక్కువ వెనక్కి పోతుంటే ఆ ఫైలు మీ పెట్రోల్‌కు ఎక్కువ, అక్కడే తగ్గించమనండి. చలికాలంలో రీమ్యాప్ చేయించుకున్నవాళ్లు ఏప్రిల్ చివర, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, ఏసీ వేసి, ఇదే లాగ్ మళ్లీ తీయించాలి.